అమ్మకు రాయనివి: 1917-18 అమెరికా శిక్షణ శిబిరాల ఉత్తరాలు

యుద్ధకాలపు ఉత్తరాలు అనగానే చూపు నేరుగా కందకాల వైపు పోతుంది. బురద, ఫిరంగులు, పక్కనే కూలిపోయిన స్నేహితుడు ఉన్న ఉత్తరాలకే పుస్తకాల్లోనూ ప్రదర్శనల్లోనూ ముందు చోటు దొరుకుతుంది. అంతకు ముందు నెలల తరబడి అదే అబ్బాయి శిక్షణ శిబిరం నుంచి రాసిన ఉత్తరాల కట్టను విప్పేవాళ్లు తక్కువ. వాటిలో ఏముంటుందిలే అనుకుంటారు. పొద్దున ఏం పెట్టారు, ఎన్ని మైళ్లు నడిపించారు, ఇంజెక్షన్ వేసిన చెయ్యి ఎంత వాచింది, పంపిన కేకు ఎంతమంది పంచుకున్నారు, ఇంకో జత సాక్సులు పంపగలరా. ఇంతే కదా అని.

ఈ చిన్నచూపు న్యాయం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా శిబిరాల నుంచి వెళ్లిన ఉత్తరాలకు, ఫ్రాన్స్ నుంచి వచ్చిన వాటికి లేని ఒక గుణం ఉంది. ఫ్రాన్స్‌లో సైనికుడు రాసిన ఉత్తరాన్ని మామూలుగా ముందు అతని కంపెనీ అధికారే చదివేవాడు. ఊరి పేరు, దళం కదలిక, నష్టాల లెక్క, ఏది కనిపించినా కొట్టేసేవాడు. కాబట్టి అలాంటి ఉత్తరంలో ఒక విషయం లేదంటే అది సెన్సార్ తీసేసిందో, అబ్బాయే రాయలేదో తేల్చడం కష్టం. స్వదేశంలోని శిబిరం నుంచి తల్లికి వెళ్లే మామూలు ఉత్తరాన్ని అలా అధికారి చదివి కత్తిరించే ఏర్పాటు లేదు. అతికించిన కవరు అతికించినట్టే ఇంటికి చేరేది. అందులో రాయకుండా వదిలేసినవన్నీ ఆ ఇరవై రెండేళ్ల కుర్రాడు తనంతట తాను వదిలేసినవే. శిబిరపు ఉత్తరాలను జాగ్రత్తగా చదవాల్సింది అందుకే.

అమెరికా 1917 ఏప్రిల్ 6న యుద్ధంలోకి దిగింది. మే 18న నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది. జూన్ 5న ఒక్క రోజులోనే 21 నుంచి 30 ఏళ్ల వయసున్న మగవాళ్లు 90 లక్షలకు పైగా పేర్లు నమోదు చేయించుకున్నారు. వీళ్లని ఉంచడానికి చోటు లేదు. ఆ వేసవిలో 32 శిబిరాలు హడావిడిగా లేచాయి: కొత్తగా పిలిచిన వాళ్ల కోసం చెక్కతో కట్టినవి 16, నేషనల్ గార్డ్ అనే రాష్ట్రాల స్వచ్ఛంద దళాల కోసం ఎక్కువగా దక్షిణాదిలో గుడారాలతో వేసినవి 16. చెక్క శిబిరం ఒక్కోటి దాదాపు 40,000 మందికి సరిపోయేలా వేసిన పట్టణం. మసాచుసెట్స్‌లో డెవెన్స్, న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో అప్టన్, కాన్సాస్‌లో ఫన్‌స్టన్, వాషింగ్టన్ రాష్ట్రంలో లూయిస్ ఇలా పుట్టినవే. సెప్టెంబరు మొదట్లో తొలి విడత కుర్రాళ్లు రైళ్లు దిగే సమయానికి చాలాచోట్ల వడ్రంగుల పని ఇంకా నడుస్తూనే ఉంది.

తొలి ఉత్తరాలన్నీ ఒకే తీరుగా ఉంటాయి, దానికి కారణం కూడా తేలిక: అందరికీ జరిగింది ఒకటే. సంచిలో గడ్డి కూరి పరుపు చేసుకోవడం, బ్యూగిల్ ఊదగానే లేవడం, వరసలో నిలబడి టైఫాయిడ్ టీకాలు వేయించుకోవడం, వంటింటి డ్యూటీ పడితే బస్తాల కొద్దీ బంగాళదుంపలు చెక్కు తీయడం. వేసుకొచ్చిన బట్టలు పార్సిల్ కట్టి ఇంటికి పంపేయడం కూడా ఈ వరసలోనిదే. కొడుకు చొక్కా ప్యాంటూ పోస్టులో తిరిగొస్తే తల్లి మనసు ఎలా ఉంటుందో అబ్బాయి ఊహించినట్టే ఉంటాడు. అందుకే పార్సిల్ కంటే ముందో వెనకో "బట్టలు వస్తాయి, కంగారు పడొద్దు" అనే అర్థం వచ్చే ఒక మాట కనిపిస్తుంది. 1917 శరదృతువులో చాలామందికి ఉన్ని యూనిఫాంలు సరిపడా అందలేదు, నీలం డెనిమ్ ఓవరాల్స్ ఇచ్చారు. తుపాకులూ చాలక చెక్క తుపాకులతో డ్రిల్ చేయించారు. ఈ సంగతిని కుర్రాళ్లు నవ్వులాటగా రాశారు. చలి ముదిరాక అదే కొరత ఎంత పని చేసిందో వాళ్ల ఉత్తరాల్లో అంత తేలిగ్గా దొరకదు.

ఆ ఉత్తరాల కాగితం దగ్గర కాసేపు ఆగాలి. శిబిరంలో వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘం చెక్క హాళ్లు కట్టింది. క్యాథలిక్కుల సంఘమైన నైట్స్ ఆఫ్ కొలంబస్, యూదుల సంస్థ జ్యూయిష్ వెల్ఫేర్ బోర్డు కూడా తమ హాళ్లు నడిపాయి. బల్లలు, సిరా, కాగితం, కవర్లు అన్నీ ఉచితం. వైఎంసీఏ కాగితం మీద ఎర్ర త్రిభుజం, జెండా, పైన "విత్ ద కలర్స్" అన్న శీర్షిక ఉంటాయి. అడుగున రెండు సూచనలు అచ్చేసిన కాగితాలు కూడా ఉన్నాయి. రాసేవాడికి: రెండు వైపులా రాసి కాగితం ఆదా చెయ్యి. ఇంట్లోవాళ్లకి: తిండి ఆదా చేయండి, లిబర్టీ బాండ్లు, వార్ సేవింగ్స్ స్టాంపులు (యుద్ధ ఖర్చుకు ప్రభుత్వం అమ్మిన అప్పు పత్రాలు) కొనండి. అంటే అమ్మా కొడుకుల మధ్య వెళ్లే కాగితం మీద ప్రభుత్వం కూడా ఒక మూల కూర్చుంది. సెన్సార్ లేకపోవచ్చు గానీ, ఉత్సాహంగా ఉండాలనే ఒత్తిడి ప్రతి పేజీ అంచున ఉంది. ఇంట్లోవాళ్లకూ అదే బోధ: సైనికుడికి సంతోషపు కబుర్లే రాయండి, బాధలు రాసి వాడి మనసు పాడు చేయకండి.

పోస్టేజీ సంగతిలో ఒక వింత ఉంది. 1917 అక్టోబరు చట్టంతో విదేశంలో ఉన్న సైనికుడి ఉత్తరానికి స్టాంపు అక్కర్లేదు. శిబిరంలో ఉన్నవాడికి ఆ రాయితీ లేదు. పైగా నవంబరు 2 నుంచి దేశంలో ఉత్తరం ధర 2 సెంట్ల నుంచి 3 సెంట్లకు పెరిగింది. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ నెలాఖరులో చేతిలో ఏం మిగిలేదో చూస్తే స్టాంపులు పంపమని ఇంటికి రాయడం ఎందుకో అర్థమవుతుంది.

ఒక మామూలు సైనికుడి జీతం నెలకు 30 డాలర్లు. పెళ్లయినవాడైతే అందులో 15 డాలర్లు భార్యాపిల్లల పేరు మీద తప్పనిసరిగా పట్టుకునేవాళ్లు. ప్రభుత్వం దానికి తన వంతు కలిపి ఇంటికి పంపేది. తల్లిదండ్రులకైతే కుర్రాడు కోరుకుంటేనే. తర్వాత ఇన్సూరెన్స్. 1917 అక్టోబరులో వచ్చిన చట్టం ప్రకారం 10,000 డాలర్ల దాకా బీమా తీసుకోవచ్చు. ఇరవైల్లో ఉన్నవాడికి నెలసరి ప్రీమియం ఆరున్నర డాలర్ల చుట్టూ ఉండేది. అంటే ఈ రెండూ పోగా చేతికి వచ్చేది ఎనిమిదిన్నర. అందులోంచే లిబర్టీ బాండు వాయిదా, సబ్బు, చాకలి ఖర్చు, ఎప్పుడైనా ఒక సినిమా.

ఈ బీమా గురించిన పేరాలు ఈ ఉత్తరాలన్నిటిలోకీ గట్టివి. అబ్బాయి దాన్ని మంచి బేరంలాగా చెబుతాడు: ఇంత తక్కువకి బయట ఏ కంపెనీ ఇవ్వదు, అందరూ తీసుకుంటున్నారు, అమ్మ పేరు రాశాను. అధికారులు కూడా ప్రతివాడి చేతా తీసుకోమనే గట్టిగా చెప్పారు కనుక ఇందులో అతని ప్రత్యేకత ఏమీ లేదు. కానీ తల్లికి చేరేసరికి ఆ పేరాకి ఇంకో అర్థం వస్తుంది. కొడుకు పోతే నెలకు 57 డాలర్ల 50 సెంట్ల చొప్పున ఇరవయ్యేళ్ల పాటు వస్తుంది. తన చావు మాట అమ్మ దగ్గర ఎత్తడానికి కుర్రాడికి వేరే దారి లేదు. డబ్బు లెక్కలో పెట్టి ఎత్తాడు. పక్క వాక్యంలోనే వాతావరణం, కేకు. ఇలా గొంతు మారకుండా చెప్పడంలో ఉన్న శ్రమని గుర్తించకుండా ఈ ఉత్తరాలని అమాయకమైనవి అనడం తొందరపాటు.

జబ్బుల దగ్గరికి వస్తే ఈ దాపరికం ఇంకా స్పష్టం. 1917-18 చలికాలంలో శిబిరాల్లో తట్టు విపరీతంగా వ్యాపించింది, దాని వెనకే న్యుమోనియా వచ్చింది. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లకి చిన్నప్పుడు తట్టు సోకకపోవడం, ఒకే గదిలో ఇరుకుగా పడుకోబెట్టడం, వెచ్చటి బట్టలు చాలకపోవడం, మూడూ కలిశాయి. పనామా కాలువ దగ్గర దోమల మీద పోరు నడిపి పేరు తెచ్చుకున్న విలియం గోర్గస్ అప్పుడు సైన్యానికి సర్జన్ జనరల్, అంటే వైద్య విభాగానికి అధిపతి. శిబిరాలు స్వయంగా తిరిగి చూసి, గుంపులు ఎక్కువయ్యాయని, బట్టలు చాలట్లేదని ఆ డిసెంబరులో నివేదికలిచ్చాడు. అదే కాలపు ఉత్తరాల్లో ఈ సంగతి ఎలా కనిపిస్తుందో చూడాలి. "మా బ్యారక్‌ని క్వారంటైన్‌లో పెట్టారు, ఈ ఆదివారం పాస్ దొరకదు." అంతే. ప్రమాదాన్ని ప్రమాదంగా రాయకుండా చిరాకుగా రాయడం అనే పద్ధతి ఇది. సెలవు పోయిందన్న కోపం అమ్మకు చెప్పొచ్చు, మూడు మంచాల అవతల ఉన్నవాడు ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదని చెప్పకూడదు. ఇన్ని శిబిరాల్లో ఇంతమంది, ఎవరూ నేర్పకుండానే, ఇదే దారి పట్టారు.

1918 మార్చిలో కాన్సాస్‌లోని ఫన్‌స్టన్‌లో ఇన్‌ఫ్లుయెంజా మొదలై కొద్ది వారాల్లో వెయ్యి మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అది మెల్లగా సద్దుమణిగింది. అసలు విపత్తు సెప్టెంబరులో డెవెన్స్‌లో వచ్చింది. 1,200 మంది కోసం కట్టిన ఆసుపత్రిలోకి 6,000 మందికి పైగా రోగులు వచ్చిపడ్డారు. అక్కడ పనిచేసిన ఒక డాక్టరు సెప్టెంబరు 29న స్నేహితుడికి రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. సంతకం "రాయ్" అని మాత్రమే. 1959లో డెట్రాయిట్‌లో ఒక పెట్టెలో దొరికింది, 1979లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

ఆ ఉత్తరంలో దాపరికం లేదు. రోగం తగులుకోక ముందు శిబిరంలో దాదాపు 50,000 మంది ఉండేవాళ్లని చెబుతాడు. మామూలు జ్వరంలా మొదలై, ఆసుపత్రికి తెచ్చాక చాలా వేగంగా భయంకరమైన న్యుమోనియాగా మారుతోందని, చెంప ఎముకల మీద ముదురు గోధుమ రంగు మచ్చలు కనబడిన కొన్ని గంటలకు ముఖమంతా నీలం పాకుతుందని, తర్వాత ఊపిరి కోసం కొట్టుకోవడమే మిగులుతుందని రాస్తాడు. ఒకరో ఇద్దరో ఇరవై మందో చనిపోతే తట్టుకోవచ్చు గానీ ఇలా ఈగల్లా రాలిపోతుంటే చూడలేకపోతున్నానంటాడు. రోజుకు సగటున 100 చావులు. కొన్నాళ్లు శవపేటికలు దొరకలేదు. శవాలని తీసుకెళ్లడానికి ప్రత్యేక రైళ్లు వేయాల్సి వచ్చింది. ఒక పొడవాటి బ్యారక్‌ని ఖాళీ చేసి శవాలగదిగా మార్చారు. ఫ్రాన్స్‌లో ఒక పోరు ముగిశాక కూడా ఇలాంటి దృశ్యం చూసి ఉండరని అతని మాట.

ఇతను డాక్టరు కాబట్టి ఇంత వివరంగా రాశాడనడం సగం నిజం. రెండో సగం, ఎవరికి రాశాడన్నది. చదివేది సాటి డాక్టరు. అదే శిబిరంలో, అదే వారంలో కుర్రాళ్లు కూడా ఇళ్లకు రాస్తూనే ఉన్నారు. వాళ్లకూ కళ్లున్నాయి. ఈ చావులు వాళ్ల చుట్టూనే జరిగాయి. తల్లికి రాసేటప్పుడు మాత్రం "నాకేం కాలేదు, పేపర్లలో రాసేది నమ్మొద్దు" అనే ధోరణి వస్తుంది. అన్నకో స్నేహితుడికో రాస్తే అదే చేతి రాత ఇంకాస్త విప్పి చెబుతుంది. అందుకే ఒక సైనికుడి ఉత్తరాలను తేదీల వరసలో పెట్టి ఊరుకోకూడదు, ఎవరి పేరు మీద వెళ్లాయో విడదీసి పక్కపక్కన పెట్టి చదవాలి. అప్పుడు తెలుస్తుంది, అతనికి విషయం తెలియక రాయలేదా, తెలిసీ రాయలేదా అన్నది.

ఈ మాటలకు నేపథ్యంగా ఒక లెక్క చాలు. ఆ యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికులు 1,16,516 మంది. పోరులో పోయినవాళ్లు 53,402. మిగిలిన 63,114 మంది ఇతర కారణాలతో, అందులోనూ ముఖ్యంగా జబ్బులతో పోయారు. ఓడ ఎక్కకుండానే పోయినవాళ్లు వీళ్లలో వేల మంది. శిబిరం అంటే యుద్ధానికి ముందుమాట, అసలు కథ తర్వాత వస్తుంది అనే అంచనా ఈ లెక్క ముందు నిలవదు.

రాయడం రానివాళ్ల సంగతి వేరే. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ యెర్క్స్ ఆధ్వర్యంలో సైన్యం 17 లక్షల మందికి పైగా కొత్తవాళ్లకు తెలివితేటల పరీక్షలు పెట్టింది. చదువొచ్చినవాళ్లకు ఆల్ఫా, రానివాళ్లకు బొమ్మలతో బీటా. ఆ పరీక్షల మార్కుల నుంచి తీసిన జాతి నిర్ణయాలు పక్షపాతంతో నిండినవని తర్వాత బాగానే తేలింది. కానీ అక్కడ అక్షరాస్యతకు పెట్టుకున్న కొలత మాత్రం గుర్తుంచుకోదగ్గది: పేపరు చదివి అర్థం చేసుకోగలగాలి, ఇంటికి ఉత్తరం రాయగలగాలి. సుమారు నాలుగో వంతు మంది ఆ కొలతకి అందలేదు. ఇంకోవైపు సైన్యంలో దాదాపు ఐదో వంతు విదేశాల్లో పుట్టినవాళ్లు. జార్జియాలోని గోర్డన్ శిబిరంలో 1918లో వీళ్లని భాషలవారీగా కంపెనీలు చేసి, ఆ భాష వచ్చిన అధికారులని పెట్టి, పక్కనే ఇంగ్లీషు నేర్పించారు.

రాయలేనివాడు పక్క మంచం వాడితోనో, వైఎంసీఏ హాల్లో ఉన్నవాళ్లతోనో రాయించుకున్నాడు. అలాంటప్పుడు తల్లికి చెప్పుకునే మాట ముందు ఇంకొకడి చెవిన పడాలి. బెంగ అన్న మాట నోట రాదు. ఆ ఉత్తరాలు మన పాత కార్డుల్లోని "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాం" లాగా మొదలై అక్కడే ముగుస్తాయి. వాటిని పొడిగా ఉన్నాయనకూడదు. ఆ ఒక్క వాక్యం కోసం ఒకరిని బతిమాలి కూర్చోబెట్టుకున్నాడు కుర్రాడు.

తెలుగు నేల నుంచి అదే యుద్ధానికి వెళ్లినవాళ్లకు ఈ ఇబ్బంది రెండింతలు. పశ్చిమ గోదావరిలోని మాధవరం నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది వెళ్లారని ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు, మిలిటరీ మాధవరం అన్న పేరు అలా వచ్చిందే. ఆ రోజుల్లో అక్కడ రాసిపెట్టేవాడు ఒకడు కావాలి, ఇక్కడ చదివిపెట్టేవాడు ఒకడు కావాలి. ఫ్రాన్స్‌లో పోరాడిన భారతీయ సైనికుల మాటలు ఈనాడు చదవగలుగుతున్నామంటే కారణం ఇంకా విచిత్రం: ఫ్రాన్స్ రేవు పట్టణం బులోన్‌లో కూర్చున్న బ్రిటిష్ సెన్సార్ కార్యాలయం వాటిలోంచి ముక్కలు ఏరి ఇంగ్లీషులోకి మార్చి నివేదికల్లో పెట్టింది. అసలు ఉత్తరాలు చాలావరకు పోయాయి, నిఘా వేసినవాడి నకలు మిగిలింది. నల్ల మిరియాలు అంటే భారతీయ సైనికులు, ఎర్ర మిరపకాయలు అంటే తెల్లవాళ్లు అని వాళ్లు పెట్టుకున్న గుర్తులు కూడా సెన్సార్ పట్టేసిందని ఆ నివేదికల వల్లే తెలుస్తోంది. అమెరికా శిబిరాల కుర్రాళ్లది ఇందుకు పూర్తిగా తిరగబడిన పరిస్థితి. ఎవరూ నకలు తీయలేదు, తల్లి బీరువాలో దాచింది కాబట్టి అసలు మిగిలింది.

అయితే దాచింది తల్లి మాత్రమే. ఇంటి నుంచి శిబిరానికి వెళ్లిన ఉత్తరాలు ఎక్కువగా దక్కలేదు. సైనికుడు తన సంచిలో ఎన్ని కాగితాలు మోసుకు తిరుగుతాడు? శిబిరం మారినప్పుడల్లా కొన్ని పోయేవి, ఓడ ఎక్కేటప్పుడు మిగతావి. మన చేతిలో ఉన్నది సగం సంభాషణ. "నాన్న చెయ్యి నయమైందా", "గుర్రం అమ్మేశారని విన్నా, మంచి పని" లాంటి వాక్యాలు ఉన్నచోట అవతలి ఉత్తరం ఏం చెప్పిందో వెనక్కి లెక్కగట్టుకోవాలి. ఇంకాస్త ఓపిక పడితే, ఇంటివాళ్లు కూడా కొన్ని దాచారని బయటపడుతుంది. తమ్ముడికి జబ్బు చేసిన సంగతి వాడికి నయమయ్యాక గాని రాయలేదని కొడుకు అలగడం కనిపిస్తే, దాపరికం రెండు వైపులా నడిచిందన్నమాట.

ఇక ఓడ ఎక్కే ముందు వచ్చేది ఉత్తరం కూడా కాదు. "నేను ఎక్కిన ఓడ క్షేమంగా అవతలి ఒడ్డు చేరింది" అని ముందే అచ్చేసిన కార్డు. సైనికుడు ఇటువైపు ఉండగానే దాని మీద సంతకం చేసి ఇచ్చేవాడు. కార్డులని ఇక్కడే ఉంచి, ఓడ చేరిందని తంతి వచ్చాక పోస్టులో వేసేవాళ్లు. దాని అవసరం రానివాళ్లు కూడా కొల్లలు. మొత్తం 40 లక్షల సైన్యంలో సగం మందే సముద్రం దాటారు. 1918 అక్టోబరులో ఫ్లూ వల్ల 1,42,000 మంది కొత్తవాళ్ల పిలుపునే ఆపేశారు, నవంబరు 11న యుద్ధమే ఆగింది. శిబిరంలోనే యుద్ధం ముగిసిపోయిన ఆ కుర్రాళ్ల నవంబరు ఉత్తరాల్లో బతికిపోయామన్న ఊరట, ఏమీ చేయకుండానే తిరిగొస్తున్నామన్న సిగ్గు ఒకే పేజీలో ఉంటాయి. ఇరవై ఏళ్ల తర్వాత "యుద్ధంలో నువ్వేం చేశావు" అని పిల్లలడిగితే చెప్పడానికి వాళ్ల దగ్గర ఉన్నది ఈ ఉత్తరాల్లో రాసినదే.

ప్రభుత్వం దగ్గరా ఎక్కువ మిగల్లేదు. 1973 జులై 12న సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల కేంద్రంలో నిప్పంటుకుని, 1912 నవంబరు నుంచి 1960 జనవరి లోపు సైన్యం వదిలినవాళ్ల ఫైళ్లలో దాదాపు 80 శాతం కాలిపోయాయి. మొదటి ప్రపంచ యుద్ధపు సైనికులు ఆ లెక్కలోనే ఉన్నారు. ఆ తర్వాత చాలా కుటుంబాలకు, తాతయ్య 1917 చలికాలం ఏ శిబిరంలో గడిపాడు, ఏ కంపెనీలో ఉన్నాడు, ఎప్పుడు క్వారంటైన్‌లో పడ్డాడు అని తెలుసుకోవాలంటే కవరు మీద పోస్టు ముద్ర, ఎర్ర త్రిభుజం పక్కన అతను రాసిన శిబిరం పేరు, తేదీ ఆధారమయ్యాయి.